కల్లుప్పా, నూకలా, డికాక్షనా: వాటర్ కలర్ బ్యాక్‌గ్రౌండ్‌కు వంటింటి సరుకును ఎంచుకోవడం

తిరుపతిలో ఏ మేడ ఎక్కి ఉత్తరానికి తిరిగినా శేషాచలం కొండలు కనిపిస్తాయి. కింద పచ్చటి వాలు, పైన నిట్టనిలువు రాతిగోడ. ఆ గోడను వాటర్ కలర్లో వేద్దామని కూర్చుంటే మొదట ఎదురయ్యే చిక్కు ఒకటుంది. కుంచెతో ఎంత దిద్దినా రాయి రాయిలా రాదు, సున్నం కొట్టిన గోడలా నున్నగా వస్తుంది. పగుళ్ళు, గరుకు, మచ్చలు చేత్తో పెడితే పెట్టినట్టే తెలిసిపోతాయి. అవి వాటంతటవి పడాలి. అలా పడాలంటే తడి కాగితం మీద నీళ్ళు తాగేదో, రంగును పక్కకు నెట్టేదో, రంగుకు అడ్డం నిలిచేదో ఒకటుండాలి. అలాంటివి వంటింటి డబ్బాల్లోనే అరడజనుకు పైగా దొరుకుతాయి. అన్నీ ఒకే పని చేయవు. బొమ్మను ఎన్నాళ్ళు ఉంచుకోవాలి, బయట ఎండగా ఉందా ముసురుగా ఉందా, ఏ రంగు వాడుతున్నారు అన్నదాన్ని బట్టి ఒకదానికి నప్పింది ఇంకొకదానికి నప్పదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

మొదటిది గుర్తు. మీకు కావాల్సింది నక్షత్రాల్లాంటి చుక్కలా, గులకరాళ్ళ గుంపా, పాత గోడ మీది మరకలా, చెట్టు బెరడు గాళ్ళా? దీన్ని బట్టే సగం సరుకులు పక్కకు వెళ్ళిపోతాయి.

రెండోది తరుణం. ఎక్కువమందికి బెడిసికొట్టేది ఇక్కడే. కళ్ళాపి చల్లిన వాకిట్లో ముగ్గు వేసేవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. నీళ్ళు నిలిచి ఉండగా వేస్తే పిండి కరిగి కలిసిపోతుంది. పూర్తిగా ఆరాక వేస్తే గాలికి ఎగిరిపోతుంది. నేల పదునుగా ఉన్నప్పుడే గీత నిలుస్తుంది. కాగితం మీద రంగు కూడా అంతే. దాన్ని మూడు దశలుగా చూడండి. నీళ్ళు కదులుతూ ఉంటే అది చెరువు దశ. కాగితాన్ని కాస్త వాల్చినప్పుడు నీరు పారదు గానీ పైన అద్దంలా మెరుస్తుంటే అది మెరుపు దశ. మెరుపు పోయి, వేళ్ళ వెనక భాగం ఆనిస్తే చల్లగా తగిలితే అది చెమ్మ దశ. ఏ సరుకును ఏ దశలో వేయాలో తెలిస్తే పని ముప్పాతిక వంతు అయిపోయినట్టే.

మూడోది, కాగితం మీద ఏం మిగులుతుంది అన్నది. రంగు మీద చల్లి దులిపేసినంత మాత్రాన సరుకు మొత్తం పోదు. ఉప్పు కొంత కాగితంలోకి ఇంకుతుంది, చక్కెర జిగురుగా ఉండిపోతుంది, గంజి పురుగును పిలుస్తుంది. ఫ్రేము కట్టించి హాల్లో పెట్టే బొమ్మకూ, ఫోన్లో ఫొటో తీసి పెళ్ళిపత్రిక వెనక వేసే బొమ్మకూ ఇక్కడే దారులు వేరవుతాయి.

నాలుగోది మన వాతావరణం. వేరే దేశాల వీడియోల్లో "పది నిమిషాలాగి ఉప్పు చల్లండి" అంటారు. మే నెలలో తిరుపతిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఫ్యాన్ కింద పల్చటి వాష్, అంటే నీళ్ళు కలిపి పరిచిన రంగు పూత, రెండు మూడు నిమిషాలకే మెరుపు పోగొట్టుకుంటుంది. నవంబరులో ఈశాన్య రుతుపవనాల ముసురులో అదే వాష్ పావుగంటైనా చెరువులాగే ఉంటుంది. అందుకే గడియారం చూడకండి, మెరుపు చూడండి.

కాగితం విషయంలో ఒక్కటే షరతు: 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) ఉండాలి. అంతకు తక్కువైతే తడికి వంకర్లు తిరిగి పల్లాల్లో నీరు చేరుతుంది, సరుకంతా అక్కడికే జారుతుంది. నూలు కాగితం నీటిని ఎక్కువసేపు పట్టి ఉంచుతుంది కనక ఆలోచించుకునే వ్యవధి ఇస్తుంది. మామూలు గుజ్జు కాగితం త్వరగా ఆరిపోతుంది, కానీ రంగు పైపైనే నిలవడం వల్ల చుక్కలు కొన్నిసార్లు ఇంకా స్పష్టంగా పడతాయి. నేర్చుకునేటప్పుడు గుజ్జు కాగితమే చాలు. నాలుగు అంచులూ మాస్కింగ్ టేపుతో అట్టకు అంటించాకే రంగు పూయండి.

## ఒక చూపులో

| సరుకు | పడే గుర్తు | వేయాల్సిన దశ | దులపడానికి ఆగాల్సింది | ఫ్రేముకు పనికొస్తుందా |
|---|---|---|---|---|
| మెత్తని ఉప్పు | సన్నటి మంచు చుక్కలు | మెరుపు తగ్గుతున్నప్పుడు | 1–2 గంటలు | జాగ్రత్తలతో సరే |
| కల్లుప్పు | పెద్ద పూలు, మరకలు | నిండు మెరుపు | 4 గంటలు, ముసురులో రాత్రంతా | జాగ్రత్తలతో సరే |
| బియ్యం, నూకలు | ముదురు అంచుల గులకలు | చెరువుకూ మెరుపుకూ మధ్య | రాత్రంతా | బాగా పనికొస్తుంది |
| ఆవాలు | గుండ్రటి ఉంగరాలు | చెరువుకూ మెరుపుకూ మధ్య | రాత్రంతా | బాగా పనికొస్తుంది |
| కాఫీ, టీ డికాక్షన్ | పాత మరకలు, వలయాలు | పొడి కాగితం లేదా మెరుపు | పొరకు అరగంట | వెలుగు తగలనిచోట |
| వంటసోడా, నిమ్మరసం | బుడగల గుర్తులు | చెరువు | 3 గంటలు | వద్దు |
| గంజి, కార్న్‌ఫ్లోర్ | గాళ్ళు, బెరడు | పొడి కాగితం | 5 గంటలు | పల్చగా వేస్తే సరే |
| చక్కెర, బెల్లం | మసక మచ్చలు, జారిన చారలు | చెరువు | ఒక రోజు | వద్దు |

ఆగాల్సిన గంటలు ఏ5 సైజు (ఏ4లో సగం) కాగితానికి, ఫ్యాన్ లేకుండా చెప్పినవి.

## ఉప్పు: మొదట నేర్చుకోవాల్సింది

ఒకే ఒక్క సరుకుతో మొదలుపెట్టాలంటే ఉప్పుతోనే మొదలుపెట్టండి. గింజ తన చుట్టూ ఉన్న నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. కరిగిన ఉప్పునీరు రంగును బయటికి నెడుతుంది. అందుకే గింజ ఉన్నచోట లేతగా, చుట్టూ ముళ్ళు ముళ్ళుగా పువ్వు విచ్చినట్టు గుర్తు పడుతుంది.

ప్యాకెట్లో వచ్చే మెత్తని ఉప్పు గింజ చిన్నది, వెంటనే కరుగుతుంది. కాబట్టి మెరుపు తగ్గుముఖం పట్టాక చల్లాలి. ఏ5 కాగితానికి పావు టీస్పూను మించొద్దు. జానెడు ఎత్తు నుంచి వేళ్ళతో రాలిస్తే గింజలు విడివిడిగా పడతాయి. దగ్గర నుంచి వేస్తే ఒకేచోట కుప్పపడి తెల్లటి మచ్చ ఏర్పడుతుంది, పువ్వు రాదు. తలకోన జలపాతం సుమారు 270 అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. దాని అడుగున లేచే తుంపర వేయాలన్నా, రాత్రి ఆకాశం వేయాలన్నా మెత్తని ఉప్పుదే పని.

కల్లుప్పు గింజ పెద్దది, నెమ్మదిగా కరుగుతుంది, ఎక్కువ నీరు తాగుతుంది. దానికి నిండు మెరుపు కావాలి. పదిహేను నుంచి ఇరవై గింజలు, అవీ పెద్దాచిన్నా కలిపి, ఒక్కొక్కటి చేత్తో పెట్టండి. వరసగా పెట్టొద్దు, మూడు ఒకచోట, ఒకటి దూరంగా అన్నట్టుండాలి. పెద్ద గింజ కింద కొన్నిసార్లు లేత మచ్చకు బదులు ముదురు మచ్చ పడుతుంది, ఎందుకంటే అది రంగునీటిని కూడా తనకింద పట్టి ఉంచుతుంది. అది తప్పేమీ కాదు. చంద్రగిరి కోట గుట్ట మీది బండరాళ్ళలో కనిపించే నలుపు తెలుపు చుక్కలకు ఈ కలగలుపే సరిగ్గా సరిపోతుంది.

రంగు చిక్కదనం కూడా చూసుకోవాలి. నీళ్ళమజ్జిగలా ఉంటే చుక్క పడ్డా కనపడదు. మీగడలా ఉంటే ఉప్పు కదిలించలేదు. చిక్కటి పాలలా కలిపితే బాగుంటుంది. ముదురు రంగులు వాడండి: ఇండిగో, బర్న్ట్ అంబర్, సాప్ గ్రీన్, పేన్స్ గ్రే. పసుపురంగు మీద గుర్తు పడినా తెలుపుకూ దానికీ తేడా తక్కువ కాబట్టి కంటికి ఆనదు. థాలో బ్లూ లాంటివి కాగితానికి వెంటనే పట్టేస్తాయి, కాబట్టి చుక్క తెల్లగా రాకుండా లేతనీలంగా మిగులుతుంది. వెన్నెల రాత్రికి అది అందమే, మంచు పడుతున్న ఉదయానికి మాత్రం సరిపోదు.

ఇక్కడ జరిగే పొరపాట్లు ఇవి. ఒక్క పువ్వూ రాలేదంటే ఆలస్యంగా చల్లారు, లేదా రంగు మరీ పల్చన. ఉప్పు పెంకులా కాగితానికి అతుక్కుందంటే చెరువు దశలో చల్లారు. గుర్తులు అలికినట్టు ఉన్నాయంటే మధ్యలో కాగితాన్ని ఎత్తారు, లేదా హెయిర్ డ్రయ్యర్ పెట్టారు. డ్రయ్యర్ గాలికి గింజలు దొర్లి గీతలు పడతాయి, పైగా ఉప్పు తన పని ముగించకముందే నీరు ఆవిరైపోతుంది. పూర్తిగా ఆరిందో లేదో చేతి వెనక భాగం ఆనించి చూడండి. చల్లదనం ఏ కొంచెం ఉన్నా ఇంకా తడి ఉన్నట్టే. తడిగా ఉండగా గీకితే కాగితం పైపొర లేస్తుంది. ఆరాక పాత ఏటీఎం కార్డు అంచుతో మెల్లగా తోసి, పొడి బ్రష్షుతో దులపండి.

ముసురు రోజుల్లో డబ్బాలోని కల్లుప్పే చెమ్మగిల్లి ఉంటుంది. అది కాగితం మీద నీరు తాగదు, ఎదురు నీరు వదులుతుంది. పొడి మూకుడులో సన్నసెగ మీద రెండు మూడు నిమిషాలు వేయించి, చల్లార్చి, మూత గట్టిగా ఉన్న సీసాలో పెట్టుకోండి. వేయించేటప్పుడు కల్లుప్పు చిటపటమని ఎగురుతుంది, మూత వేయండి. మే నెలలో చిక్కు దీనికి తిరగబడి ఉంటుంది. ఫ్యాన్ ఆపి, పొద్దున్నే ఆరుగంటల వేళ కూర్చోండి. అంటించేముందు కాగితాన్ని వెనకవైపు కూడా తడపండి, అప్పుడు పైతడి నెమ్మదిగా ఆరుతుంది.

ఉప్పుకు ఉన్న పెద్ద లోపం దాని తర్వాతి కథ. కాగితంలో ఇంకిన ఉప్పు గాలిలోని చెమ్మను పీలుస్తూనే ఉంటుంది. దాని మీద మళ్ళీ సన్నటి వాష్ వేస్తే రంగు సమంగా పరుచుకోదు, మచ్చలు మచ్చలుగా పడుతుంది. కాబట్టి ఉప్పు వేసిన చోట వివరాలు వేయకుండా వదిలేసి, వేయాల్సినచోట ముందే ఉప్పు పడకుండా కాగితం ముక్కతో కప్పండి. ఫ్రేము కట్టిస్తే బొమ్మకూ అద్దానికీ మధ్య మౌంటుతో, అంటే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట చట్రంతో, ఖాళీ ఉండాలి. ఇనుప ఫ్రేము వద్దు, ఉప్పు లోహాన్ని తింటుంది.

## బియ్యం, నూకలు, ఆవాలు: అడ్డం నిలిచేవి

ఉప్పు రంగును నెడితే, గింజలు రంగును తమ దగ్గరికి చేరదీస్తాయి. గింజకూ కాగితానికీ మధ్య సన్నటి సందులో నీరు చిట్టచివరిదాకా ఆరకుండా ఉంటుంది. చుట్టుపక్కల రంగు అక్కడికి చేరి, గింజ అంచు వెంట ముదురుగా పేరుకుంటుంది. తీసేశాక దాని ఆకారం గీసినట్టు మిగులుతుంది.

బియ్యం పొడవాటి గుర్తులిస్తుంది, అవి గడ్డిలా, చేపపొలుసులా కనిపిస్తాయి. రాళ్ళకు నూకలు మేలు. విరిగిన గింజలు ఏ రెండూ ఒకేలా ఉండవు కాబట్టి వాగు అడుగున గులకరాళ్ళు పరిచినట్టే ఉంటుంది. ఆవాలు గుండ్రటి ఉంగరాలు పెడతాయి, నీరు తాగవు, కాగితానికి అంటుకోవు, కడిగి ఆరబెట్టి మళ్ళీ మళ్ళీ రంగుకే వాడుకోవచ్చు. అయితే దొర్లుతాయి. కాగితం బల్లపరుపుగా ఉండాలి, పక్కన పిల్లలు పరుగులు పెట్టకూడదు.

చేసే పద్ధతి ఇది. బియ్యాన్ని జల్లెడలో రెండుసార్లు ఆడించి పిండి పోగొట్టండి. కడగొద్దు. ఆ పిండి ఉంటే బొమ్మ మీద తెల్లటి మసక కమ్ముతుంది. రంగును చిక్కటి పాలకన్నా ఒక పిసరు ఎక్కువ చిక్కగా, కాగితం నిండుగా తడిసేలా పూయండి. నీరు పారకుండా, అయినా బాగా నిండుగా ఉన్నప్పుడు ఒకటిన్నర టీస్పూను నూకలు చల్లండి. కొన్నిచోట్ల కుప్పగా, కొన్నిచోట్ల పల్చగా. ఆపైన డ్రాపరుతో అక్కడక్కడా నాలుగైదు చుక్కల ముదురు రంగు వదలండి, అది గింజల సందుల్లోకి పాకుతుంది. ఇక రాత్రంతా కదపొద్దు. చీమలు రాకుండా బల్ల కాళ్ళను నీళ్ళ గిన్నెల్లో పెడితే నిశ్చింత.

తొందరపడి మూడు గంటలకే తీస్తే గింజ కింద ఇంకా నీరుంటుంది, అది జారి ఆకారాలన్నీ కలిసిపోతాయి. నూకలతో వచ్చే పేచీ చాలావరకు ఇదొక్కటే. ఓపిక ఉన్నవాళ్ళకు ఇది ఉప్పుకన్నా నమ్మకమైన సరుకు. తరుణం కాస్త అటూఇటూ అయినా గుర్తు పడుతుంది, కాగితంలో పెద్దగా ఏమీ మిగలదు, దాని మీద మళ్ళీ రంగు వేసుకోవచ్చు. శేషాచలం రాతిగోడకు మాకు నచ్చిన దారి ఇదే: బర్న్ట్ సియన్నాలో కాస్త అల్ట్రామెరిన్ కలిపి నూకలు చల్లడం, ఆరాక పగుళ్ళను కుంచె మొనతో కలపడం.

రంగు తాగిన బియ్యాన్ని పక్షులకు వేయకండి, డబ్బాలో తిరిగి పోయకండి. కొన్ని రంగుల్లో కాడ్మియం, కోబాల్ట్ లాంటి లోహాలుంటాయి. ఈ పనికి వాడిన స్పూను, జల్లెడ, గిన్నె ఇక వంటకు వాడొద్దు.

బొంబాయి రవ్వ కూడా సన్నటి ఇసుక గరుకు ఇస్తుంది, కానీ నీటికి ఉబ్బి అతుక్కుపోతుంది, ఎంత దులిపినా కొంత ఉండిపోయి తర్వాత పురుగు పడుతుంది. సగ్గుబియ్యం ఇంకా కష్టం. పైపొర జిగురుగా మారి, తీసేటప్పుడు కాగితాన్ని చింపుతుంది. ఈ రెండూ వదిలేయొచ్చు.

## డికాక్షన్లు: పాతదనం కోసం

కాఫీ, టీ సొంతంగా రంగూ అవుతాయి, మరకా అవుతాయి. చంద్రగిరి రాజమహల్ గోడల మీద కాలం పెట్టిన గోధుమరంగు మరకలకు వీటికి సాటి వచ్చే ట్యూబు రంగు లేదు.

ఫిల్టరులో రెండు పెద్ద స్పూన్ల పొడికి 60 మి.లీ. మరిగే నీళ్ళు పోసి దించిన మొదటి డికాక్షన్ వాడండి. చికోరీ కలిసిన పొడి అయితే రంగు ముదురుగా, కాస్త జిగటగా వస్తుంది. చికోరీ లేనిది పల్చగా, ఎరుపు తిరిగిన గోధుమరంగుతో ఉంటుంది. ఒకే పూతలో ముదురు రాదు. పొర మీద పొర, ప్రతిదీ పూర్తిగా ఆరాక, మూడు పొరలు వేయండి. వలయాలు కావాలంటే ఆరిన పొర మీద చెంచాతో నీళ్ళు పోసి కదపకుండా వదిలేయండి. నీరు ఆరేకొద్దీ రంగు అంచుకు చేరి గ్లాసు పెట్టిన మరకలా గీత పడుతుంది. డికాక్షన్ 30 మి.లీ.కి రెండు మూడు చుక్కల నానబెట్టిన తుమ్మబంక కలిపితే ఆరాక పొడిలా రాలదు. వాటర్ కలర్లలో రంగును పట్టి ఉంచేది కూడా ఈ జాతి బంకే. మిగిలిన డికాక్షన్ ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి, తర్వాత బూజు పడుతుంది.

ఇన్‌స్టంట్ కాఫీ గుళికలు వేరే పని చేస్తాయి. మెరుపు దశలో ఉన్న తడి కాగితం మీద చిటికెడు చల్లితే ఒక్కొక్క గుళిక విచ్చుకుని గోధుమరంగు పొగలా పాకుతుంది. ఉప్పు లేత గుర్తు పెడితే ఇది ముదురు గుర్తు పెడుతుంది. తుప్పు, పాత తాళాలు, ఎండుటాకులు వేసేవాళ్ళు ఇది తప్పక ప్రయత్నించండి.

టీ దగ్గర ఇంకో మెట్టు ఉంది, అది మన శ్రీకాళహస్తికి తీసుకెళ్తుంది. అక్కడి కలంకారీలో బట్టను ముందు కరక్కాయ, పాలలో ముంచుతారు. పాలలోని కొవ్వు కలం గీత పాకిపోకుండా ఆపుతుంది. కరక్కాయలో ఉన్న వగరు పదార్థం, అంటే టానిన్, ఇనుపముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన నీటితో కలిసి నల్లగా మారుతుంది. ఆ నలుపే బొమ్మల గీత. టీలో ఉన్నదీ టానినే. కాబట్టి కాగితం మీద అదే రసాయనాన్ని చిన్నగా చేసుకోవచ్చు.

నాలుగు ఇనుప మేకులు (తుప్పు పట్టనివ్వని స్టీలువి పనికిరావు) గాజుసీసాలో 50 మి.లీ. వెనిగర్‌లో వేసి వారం ఉంచండి. మూత బిగించొద్దు, గ్యాసు పుడుతుంది. కాఫీ ఫిల్టరులోనో గుడ్డలోనో వడకట్టండి, ఆ ఫిల్టరు మళ్ళీ కాఫీకి వద్దు. కాగితానికి రెండు స్పూన్ల టీపొడి, 150 మి.లీ. నీళ్ళతో మరిగించిన డికాక్షన్ పూసి ఆరనివ్వండి. దాని మీద ఇనుపనీటిని కుంచెతో చిలకరిస్తే తగిలినచోటల్లా కళ్ళముందే బూడిదరంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. రాతి పగుళ్ళకు, తడిసిన బండలకు ఇంత సహజమైన నలుపు ట్యూబులో దొరకదు. అయితే ఇనుమూ టానినూ కలిసిన నలుపు ఏళ్ళ తరబడి కాగితాన్ని పెళుసు చేస్తుంది, పాత సిరాల విషయంలో జరిగిందే ఇది. అమ్మే బొమ్మకు ఇది వాడొద్దు. వాడితే కొనేవాళ్ళకు చెప్పాలి.

కాఫీ, టీ మరకలు రెండూ ఎండకు వెలుస్తాయి. కిటికీ ఎదురుగా పెట్టకండి.

## వంటసోడా, నిమ్మరసం, పసుపు: పిల్లలకు పండగ

చెరువు దశలో ఉన్న ముదురు రంగు మీద పావు టీస్పూను వంటసోడా చల్లి, డ్రాపరుతో వెనిగరో నిమ్మరసమో ఎనిమిది పది చుక్కలు వేస్తే బుడగలు పొంగుతాయి. అవి పగిలి ఆరాక గుండ్రటి గీతల గుంపు మిగులుతుంది. నురగ, ఏటి అలలు, నీటిలోపలి బుడగలు అనుకోవచ్చు. మీద తెల్లటి పొడి పేరుకుంటుంది, కొంత దులిపితే పోతుంది, కొంత ఉండిపోతుంది.

ఇక్కడ రంగు ఎంపిక బొమ్మను నిలబెట్టొచ్చు, చెడగొట్టనూ వచ్చు. అల్ట్రామెరిన్ నీలం పులుపుకు ఓర్చుకోదు, నిమ్మరసం తగిలినచోట వెలవెలబోతుంది. ప్రష్యన్ బ్లూ క్షారానికి ఓర్చుకోదు, సోడా తగిలితే గోధుమరంగు తిరుగుతుంది. నీలం కావాలంటే ఈ రెండూ కాకుండా థాలో బ్లూ వాడండి.

పసుపు అరస్పూను 30 మి.లీ. నీళ్ళలో కలిపి కాగితానికి పూసి, ఆరాక సోడానీటితో కుంచెతో గీస్తే ఎర్రగా గీత పడుతుంది. పసుపూ సున్నమూ కలిసి ఎర్రబడేదీ ఇందుకే. దాని మీద నిమ్మరసం రాస్తే మళ్ళీ పసుపే. బడిలో రసాయనం చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. కానీ పసుపు రంగు ఎండలో వారాల్లోనే వెలిసిపోతుంది. బొమ్మ పూర్తికాగానే ఫొటో తీసుకోండి.

## గంజి: బెరడు, మట్టిగోడ

శేషాచలం అడవుల్లో ఎర్రచందనం చెట్టు బెరడు చూసినవాళ్ళకు తెలుసు. నల్లటి గోధుమరంగులో, లోతుగా పగిలి, చదరపు పలకల్లా మొసలి చర్మంలా ఉంటుంది. అది ఉప్పుతో రాదు, నూకలతో రాదు. అందుకు రంగు కలిపిన జిగురు కావాలి.

పెద్ద స్పూను కార్న్‌ఫ్లోర్‌ను 120 మి.లీ. చన్నీళ్ళలో ఉండల్లేకుండా కలిపి, సన్నసెగ మీద మూడు నాలుగు నిమిషాలు కలుపుతూ ఉండండి. తెలుపు పోయి అద్దంలా అయ్యాక దించండి. చల్లారాక మూడు స్పూన్ల గంజికి బఠాణీగింజంత ట్యూబు రంగు కలపండి. పాత ఏటీఎం కార్డుతో కాగితం మీద గోరు మందం కన్నా పల్చగా పరచండి. దువ్వెనతో గీయండి, లేదా నలిపిన పాల ప్యాకెట్ కవరు అద్ది లాగండి. బియ్యప్పిండితోనూ చేయొచ్చు, కాస్త బరకగా వస్తుంది. మైదా తేలిగ్గా పాకుతుంది గానీ త్వరగా పులుస్తుంది.

మందంగా వేస్తే ఆరేటప్పుడు ముడుచుకుని పెచ్చులుగా లేస్తుంది. కొందరికి ఆ పగుళ్ళే కావాలి, అప్పుడు కాగితం బదులు అట్టముక్క మీద వేయండి. కార్తీకంలో ముసురు పట్టినప్పుడు గంజి పని పెట్టుకోకండి, ఆరేలోపే బూజు పడుతుంది. చేసిన గంజి ఆ రోజే వాడాలి.

## వద్దని చెప్పేవి

చక్కెర పాకం రంగును మసకగా, నెమ్మదిగా పాకిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది, కానీ ఆరదు, అంటుకుంటుంది. చిత్తూరు బెల్లం కరిగించి పూస్తే బంగారు గోధుమరంగు వస్తుంది, తెల్లారేసరికి చీమల బారు కూడా వస్తుంది. ఏదో ఒకరోజు ఫొటో తీసి పారేసే బొమ్మకు తప్ప ఇవి వద్దు.

చెనిక్కాయ నూనె చుక్క వేస్తే రంగు దానికి దూరంగా జరుగుతుంది, నిజమే. కానీ నూనె కాగితంలోకి ఇంకి వెనకవైపు జిడ్డు మరక పెడుతుంది, తర్వాత పచ్చబడుతుంది. కలంకారీ చూసి కాగితానికి పాలు పూద్దామనుకుంటే అది కూడా వద్దు. బట్టను తర్వాత ఉతుకుతారు, కాగితాన్ని ఉతకలేం. పాలవాసన పోదు.

## మీరెవరో బట్టి

కుంచె పట్టి నెల కూడా కాలేదా? మెత్తని ఉప్పు, ఇండిగో, గుజ్జు కాగితం. ఒకే కాగితాన్ని టేపుతో ఆరు గళ్ళు చేసి, అన్నిటికీ ఒకేసారి రంగు పూసి, ఒక్కో గడిలో అరనిమిషం తేడాతో ఉప్పు చల్లండి. ఏ గడి బాగా వచ్చిందో చూస్తే మీ గదికి, మీ కాలానికి తగిన తరుణం మీకే తెలుస్తుంది. ఈ ఒక్క గంట కసరత్తు పది వీడియోల పెట్టు.

బొమ్మలు అమ్మేవాళ్ళు, బహుమతిగా ఇచ్చేవాళ్ళు నూకలు, ఆవాల వైపు వెళ్ళండి. గుర్తు గట్టిది, శేషం తక్కువ. ఉప్పు తప్పదనుకుంటే బ్యాక్‌గ్రౌండ్ మూలల్లో కొద్దిగా వాడండి. పులికాట్ సరస్సు మీద ఫ్లెమింగోలు వేసేటప్పుడు నీటి భాగం అంతా ఉప్పుతో నింపాలనిపిస్తుంది, మూడోవంతుకు ఆగండి. మిగతా నీరు నున్నగా ఉంటేనే ఆ చుక్కలు మెరుపులా కనిపిస్తాయి.

పత్రికలు, పోస్టర్లు చేసే డిజైనర్లకు నిలవ ఉండటంతో పని లేదు. స్కాన్ చేశాక అసలు బొమ్మ ఏమైనా ఫర్వాలేదు కాబట్టి ఇన్‌స్టంట్ కాఫీ, సోడా బుడగలు, ఇనుపనీటి నలుపు అన్నీ వాడుకోండి. స్కానర్ అద్దం మీద పెట్టేముందు ఉప్పూ సోడా పూర్తిగా దులపండి.

బడిలో ముప్పైమంది పిల్లలతో చేయించే టీచర్లకు పసుపు, సోడా, నిమ్మరసం, ఆవాలు చాలు. మేకుల వెనిగర్ పిల్లలకు ఇవ్వొద్దు. ఒక్కో బల్లకు మూడు అట్టపెట్టెల మూతలు ఇవ్వండి, కాగితం వాటిలో పెట్టి చేస్తే ఆవాలు గదంతా దొర్లవు. పీరియడ్ 45 నిమిషాలే కాబట్టి ఆ రోజు చల్లించి, మర్నాడు దులిపించండి.

సరుకులు రెండు కలపాలనుకుంటే వరస ముఖ్యం. డికాక్షన్ ముందు, అది ఆరాక రంగు, ఆ రంగు మీద నూకలు, నూకలు తీశాక మిగిలిన ఖాళీలో మళ్ళీ తడిపి ఉప్పు. ఉప్పు ఎప్పుడూ ఆఖరున. దాని మీద ఏ వాష్ వేసినా సమంగా పరుచుకోదు. ఒక్కో ప్రయత్నం వెనకవైపు పెన్సిలుతో తేదీ, రంగు పేరు, సరుకు, ఎంత చల్లారు, ఫ్యాన్ ఉందా లేదా రాసుకోండి. నవంబరులో కుదిరిన లెక్క మే నెలలో కుదరదు, అప్పుడు ఆ కాగితాలే దారి చూపిస్తాయి.